ఇంటిపేరు అడిగిన రైలు

సత్యప్రసాద్ ముప్ఫయి నాలుగేళ్ళు బర్మాలో యాంగాన్ పెద్ద స్టేషన్లో టికెట్ల కిటికీ వెనక కూర్చున్నాడు. ఈ దేశంలో పట్టాలు ఎక్కడిదాకా ఉన్నాయో అక్కడిదాకా జనాన్ని పంపాడు గానీ, తను మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. మిఠాయి కొట్టులో పనిచేసేవాడికి తీపి మొహం మొత్తుతుందంటారు. ఇతనికి అలా జరగలేదు. రిటైరై రెండేళ్ళయినా రైలు పిచ్చి వదల్లేదు. అదీ మామూలు రైళ్ళ మీద కాదు, ఒక దేశంలో బయలుదేరి ఇంకో దేశంలో ఆగే రైళ్ళ మీద.

అలాంటి రైలు ఈ దేశంలో ఒక్కటీ లేదు. ఐదు దేశాలతో హద్దులున్నాయి, ఐదింటిలో ఒక్కదానికీ మనుషులెక్కే రైలు లేదు. అందుకే పక్కవాళ్ళ రైళ్ళ వార్తలు పేపర్లోంచి కత్తిరించి ఒక పాత పుస్తకంలో అంటించుకుంటాడు. చైనా రైలు మనుషులతో లావోస్‌లోకి దిగిన రోజు, బాంకాక్ రైలు మెకాంగ్ వంతెన దాటి లావోస్ రాజధాని వియంతియాన్ దాకా సాగిన రోజు, కలకత్తాకీ ఢాకాకీ మధ్య రైళ్ళు ఆగిపోయిన రోజు, అన్నీ అందులో ఉన్నాయి. ఇరుగుపొరుగు దేశాల మధ్య రైలు నడవడమంటే వియ్యమందడమేనని అతని సిద్ధాంతం. కొత్తది మొదలైతే ఆ సాయంత్రం టీ కొట్టులో అందరికీ చెప్పేవాడు. ఉన్నది ఆగిపోతే రెండు రోజులు దిగులుగా ఉండేవాడు.

"ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావిడని ఊరికే అన్లేదు," అనేది భార్య సూర్యావతి.

ఈ దేశం నుంచి ఒకే ఒక్క లైను ఒకప్పుడు హద్దు దాటింది. యుద్ధకాలంలో జపాన్ వాళ్ళు సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్ దాకా వేయించిన లైను అది. దాన్ని వెయ్యడానికి పట్టుకుపోయిన కూలీల్లో మనవాళ్ళు కూడా ఉన్నారనీ, తిరిగి రాలేదనీ సత్యప్రసాద్ తండ్రి అచ్చెన్న చెప్పేవాడు. ఆ లైను మొదలైన తాన్‌బ్యూజయాట్ ఊరికి టికెట్టు కొట్టినప్పుడల్లా సత్యప్రసాద్‌కి అయ్య మాట గుర్తొచ్చేది. వెనక వరసలో జనం తోసుకుంటుంటే మళ్ళీ మరిచిపోయేవాడు.

ఇక్కడ అతని పేరు సంగతి చెప్పాలి, లేకపోతే ముందు జరిగేది అర్థం కాదు. ఇంట్లో అతను సత్యప్రసాద్. స్టేషన్లో, ఆస్పత్రిలో, రేషన్ జాబితాలో ఊ తాన్‌టే. 'ఊ' అనేది పెద్దవాళ్ళకి గౌరవంగా తగిలించేది, అసలు పేరు తాన్‌టే. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ ఇంతే, ఇంటికి ఒక పేరు, కాయితానికి ఒక పేరు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచినట్టు ఆ పేరు అక్కడే విడిచి లోపలికొస్తారు. సూర్యావతిని పక్కింటి బర్మావాళ్ళు డో ఏఏ అని పిలుస్తారు; పెద్ద ఆడవాళ్ళకి 'ఊ' బదులు 'డో' తగిలిస్తారు, ఆడపిల్లలకైతే 'మ'. ఎవరైనా ఆ పేరుతో పిలవగానే ఆవిడ వంటింట్లోంచి "షిన్" అని పలుకుతుంది. ఆ భాషలో పిలుపుకి ఆడవాళ్ళు పలికే మాట అది. సత్యప్రసాద్ "ఏమేవ్" అని పిలిస్తే మాత్రం "ఏటి" అంటుంది.

బర్మావాళ్ళకి ఇంటిపేర్లు లేవు. వాళ్ళ ఫారాల్లో దానికి గడి కూడా లేదు. అందువల్ల సత్యప్రసాద్ ఇంటిపేరు 'గొర్లె' అరవై రెండేళ్ళుగా నోట్లోనే ఉండిపోయింది. ఏడాదికోసారి గుళ్ళో పూజారి గోత్రంతో కలిపి చదివితే వినడమే.

కిందటేడు అతనికి బావ దొరికాడు. దొరికాడనే అనాలి. అచ్చెన్నకి ఒక చెల్లెలుండేది, అప్పలమ్మ. 1964లో తెలుగువాళ్ళు ఓడల నిండా తిరిగి వెళ్ళిపోయినప్పుడు మొగుడితో కలిసి ఆమె కూడా విశాఖపట్నం వెళ్ళిపోయింది. అచ్చెన్న ఓడరేవు పని వదల్లేక ఉండిపోయాడు. నాలుగైదేళ్ళు ఉత్తరాలొచ్చాయి, తరవాత ఆగిపోయాయి. అరవయ్యేళ్ళ తరవాత, బర్మా నుంచి వెళ్ళినవాళ్ళ పిల్లలు ఫేస్‌బుక్‌లో పెట్టుకున్న ఒక గుంపులో ఎవరో పాత బొగ్గింజను ఫొటో పెట్టారు. దాని చక్రాల లెక్క తప్పు రాశారని సత్యప్రసాద్ దిద్దాడు. ఆ దిద్దుబాటు తప్పని విశాఖపట్నం నుంచి ఇంకొకాయన దిద్దాడు. ఆయన రైలు డ్రైవరుగా పనిచేసి గడువుకి ముందే రిటైరయ్యాడు, పేరు రఘునాథ్. వారం రోజులు చక్రాల మీద పోట్లాడుకున్నాక, ఎవరి తాలూకా అని అడిగేసరికి తేలింది: రఘునాథ్ అప్పలమ్మ కొడుకు. సత్యప్రసాద్ కంటే మూడేళ్ళు చిన్న.

ఇద్దరూ రైలు మనుషులే. ఇద్దరి దేశాలకీ మధ్య హద్దుంది, రైలు మాత్రం లేదు. యాంగాన్ వస్తానంటే రఘునాథ్ కూతురు సత్యశ్రీ ఒప్పుకోలేదు, ఇక్కడి పరిస్థితులు పేపర్లో చదివి భయపడింది. సత్యప్రసాద్ ఇండియా వీసాకి పెట్టుకుంటే ఏవో పాత కాయితాలు చాలక అది ముందుకు సాగలేదు. అప్పుడు రఘునాథే అన్నాడు.

"బావా, మన రెండూళ్ళూ వద్దు. బాంకాక్‌లో కలుద్దాం. సాయంత్రం వియంతియాన్ రైలెక్కితే పొద్దున్నకి హద్దు దాటుతాం. పక్కపక్క సీట్లు. రైల్లోంచే అమ్మకి ఫొటో పంపుదాం. ముందే చెప్తే ఆవిడకి రంగం గుర్తొచ్చి రెండ్రోజులు అన్నం తినదు."

రంగం అంటే రంగూనే. ఆ వైపు పెద్దవాళ్ళు యాంగాన్‌ని ఇప్పటికీ అలాగే అంటారు.

సత్యప్రసాద్ ఆ పూట అన్నం ముందు కూర్చుని తినడం మరిచిపోయాడు. హద్దు దాటే రైలు, పక్క సీట్లో తన మేనత్త కొడుకు. రక్తసంబంధమంటూ మిగిలింది వాళ్ళే. అయ్య పోయాక తనవైపు వాళ్ళని చెప్పుకోవడానికి అతనికి ఇంకెవరూ లేరు.

టికెట్లు రఘునాథ్ ఫోన్లోనే తీశాడు. పాస్‌పోర్టు నంబరు అడిగాడు, సత్యప్రసాద్ చదివాడు. తరవాత అడిగాడు.

"నీ ఇంటిపేరు చెప్పు బావా. ఇక్కడ గడి ఉంది."

"ఏటన్నావు?"

"ఇంటిపేరు."

సత్యప్రసాద్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికే తెలీదు. "గొర్లె," అన్నాడు. "గొర్లె సత్యప్రసాద్." ఆ తరవాత సాయంత్రం దాకా ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ, "సూసినావా, అది అసలైన రైలంటే. ఇంటిపేరు అడుగుతాది," అని సూర్యావతికి నాలుగుసార్లు చెప్పాడు. ఆమె నాలుగోసారికి రేడియో పెట్టుకుంది.

జరిగిన తప్పు ఇదే. ముప్ఫయి నాలుగేళ్ళు కార్డు మీద పేరూ టికెట్టు మీద పేరూ సరిచూసి పంపిన మనిషి, తన విషయానికొచ్చేసరికి ఒక్క గడి చూసి ఒళ్ళు మరిచిపోయాడు.

అది తప్పని తెలియడానికి పది రోజులు పట్టింది. బాంకాక్‌కి విమానం టికెట్టు తియ్యడానికి చౌక్తడా పేటలో ఆల్బర్ట్ దుకాణానికి వెళ్ళాడు. రైలెక్కడానికి విమానమెక్కాల్సి రావడమేమిటో అన్న ఆలోచన అతన్ని బస్సులో అంతసేపూ వేధించింది. ఆల్బర్ట్ తెలుగు బాప్టిస్టుల కుర్రవాడే, ఇప్పుడు నలభై దాటాయి. ఇంగ్లీషువాళ్ళ నాటి పాత భవనం మొదటి అంతస్తులో విమానం టికెట్లు అమ్ముతాడు. అతను పాస్‌పోర్టు తీసుకున్నాడు, రైలు టికెట్టు కాయితం తీసుకున్నాడు, రెండూ పక్కపక్కన పెట్టాడు.

"ప్రసాదన్నా, ఈ గొర్లె సత్యప్రసాద్ ఎవులు?"

"నానేరా."

"మరి ఈ తాన్‌టే?"

"అదీ నానే."

"నాకు తెలుసన్నా. హద్దుకాడ అధికారికి ఎలా తెలుస్తాది?"

సత్యప్రసాద్ రెండు కాయితాలూ దగ్గరికి లాక్కుని చూశాడు. ఒకప్పుడు మౌలమ్యైన్ వెళ్ళాల్సిన ఒక ముసలామె కార్డు మీద ఒక పేరూ టికెట్టు మీద ఒక పేరూ తెస్తే, కిటికీలోంచి తను అన్న మాట గుర్తొచ్చింది. పేరు వేరైతే మనిషి వేరే అన్నాడు. ఆమె పక్కకి తప్పుకుని బెంచీ మీద కూర్చుంది. తరవాత ఏమైందో చూడలేదు.

"మా ఇంటికాడ పేరు అది కదరా, ఆల్బర్టూ."

"మా ఇంట్లో నన్ను ఆల్బర్టంటారు. నా పాస్‌పోర్టులో ఆల్బర్టని ఉందేటి? ఇంటిపేరు గడి వస్తే మనోళ్ళంతా కాయితం పేరునే సగానికి ఇరిచి ఎనక ముక్క అందులో పడేస్తారు. నన్నొకమాట అడగాల్సింది. ఇది రద్దుచేసి కొత్తది తియ్యమని మీ బావకి సెప్పు. తొందరగా సెప్పు, సీట్లు నిండిపోతన్నాయి."

ఇందులో కష్టమేముంది అనుకున్నాడు సత్యప్రసాద్. మధ్యాహ్నం కరెంటొచ్చాక ఫోనుకి ఛార్జింగ్ పెట్టి, పాస్‌పోర్టు ఫొటో తీసి పంపాడు. పేరు ఇలా మార్చి తియ్యమని కింద రాశాడు. రెండు గంటలు గడిచినా జవాబు రాలేదు. మామూలుగా రఘునాథ్ రెండు నిమిషాలు ఆగడు. పాస్‌పోర్టు సరిగ్గా కనపడలేదేమోనని పౌరసత్వం కార్డు కూడా ఫొటో తీసి పంపాడు. ఇంకో తప్పు అది. కార్డు మీద తండ్రి పేరు కూడా ఉంటుంది. అచ్చెన్న కాయితం పేరు ఊ బమౌన్.

సాయంత్రానికి రఘునాథ్ గొంతు వచ్చింది, రికార్డు చేసి పంపినది.

"చూడండీ. మిమ్మల్ని ఏమని పిలవాలో నాకు తెలీడం లేదు. మీ పేరు వేరే, మీ నాన్నగారి పేరు వేరే. మా అమ్మాయి ఆ బర్మా అక్షరాలు ఫోన్లో తర్జుమా చేయించి అన్నీ చూసింది. బర్మా హద్దులో మోసగాళ్ళున్నారని, మాటలు చెప్పి బాంకాక్ రప్పించి అట్నుంచటే మనుషుల్ని ఎత్తుకుపోతున్నారని ఇక్కడ రోజూ వార్తల్లో వస్తోంది. పేరు వేరైతే మనిషి వేరే కదా నాన్నా అంటోంది. నాకేం చెప్పాలో తోచలేదు. నమస్కారమండి."

సత్యప్రసాద్ దాన్ని మూడుసార్లు విన్నాడు. మోసగాడన్నందుకు అంత బాధ అనిపించలేదు. ఆ 'అండీ' దగ్గర ప్రాణం ఉసూరుమంది. ఏడాదిగా బావా అని చంపుకుతిన్నవాడు ఒక్క పూటలో అండీ అన్నాడు. పైగా ఆ పిల్ల అన్నది తను కిటికీలోంచి అన్న మాటే.

మర్నాడు ట్రంకుపెట్టె దించాడు. బడి సర్టిఫికెట్లో తాన్‌టే. సర్వీసు పుస్తకంలో తాన్‌టే. పెళ్ళి గుళ్ళో జరిగింది గానీ శుభలేఖ బర్మా అక్షరాల్లో వేయించారు, స్టేషన్ వాళ్ళందరికీ పంచాలని. అందులోనూ తాన్‌టేనే. కరెంటు బిల్లు, ఆస్పత్రి చీటీ, ఆఖరికి రిటైరైనప్పుడు కప్పిన శాలువా పెట్టె మీద కూడా ఆ పేరే. సత్యప్రసాద్ అనేవాడు ఒకడు పుట్టాడని చెప్పే కాయితం ముక్క ఒక్కటీ లేదు. అతనికి నిజంగా తికమకగా ఉంది. అరవై రెండేళ్ళు బతికినవాడు తాన్‌టే అయితే, బావతో చక్రాల మీద పోట్లాడింది ఎవరు? మేనత్త ఎవరికి మేనత్త? ఆ ముసలి టికెట్ల గుమాస్తాకి ఇలాంటి ప్రశ్నలు అలవాటు లేవు. పెట్టె ముందే కూలబడ్డాడు.

"ఏటి ఎతుకుతున్నావు?" అంది సూర్యావతి.

"నన్ను."

"దొరికినావా?"

"లేదు."

"అయితే నాను ముప్పై ఏళ్ళు ఎవులితో కాపరం సేసినాను?"

అతను నవ్వలేదు. ఆమె అది గమనించి, చెయ్యి తుడుచుకుని పక్కన కూర్చుంది. అతని పుస్తకం అందుకుంది, రైళ్ళ వార్తలది. ఆఖరి పేజీలో బాంకాక్ రైలు టికెట్టు నకలు అంటించి ఉంది, గొర్లె అన్న అక్షరాల కింద గీత గీసి ఉంది. అది చూశాక ఆమెకి పరాచికాలాడబుద్ధి కాలేదు.

"మీ అత్త ఎక్కడ పెరిగింది?" అంది.

"ఇక్కడే."

"ఇక్కడ పెరిగినోళ్ళకి రెండు పేర్లుంటాయని ఆమెకి ఎవులైనా సెప్పాలా? ఆ తండ్రీకూతుళ్ళు అక్కడ పుట్టినోళ్ళు, ఆళ్ళకేటి తెలుసు? అడిగితే ముసలామెని అడగాలి."

"ఆవిడకి సెప్పొద్దన్నాడు కదే. రంగం మాటెత్తితే అన్నం మానేస్తాదంట."

"మానేస్తే మానేస్తాది. ఒక పూటకి సచ్చిపోదు."

ఇలా ఇవ్వు అని ఫోను లాక్కుంది. తనే నొక్కి తనే మాట్లాడింది. "తమ్ముడూ, నాను సూర్యావతిని. మా ఆయన దొంగోడో దొరో నీ కూతురు తేల్చక్కర్లేదు. మీ అమ్మ ముందర ఫోను పెట్టు. ఆమె కాదంటే మళ్ళీ నీ గుమ్మం తొక్కం." పంపేసి ఫోను అతని ఒళ్ళో పడేసి, కూర మాడుతోందని లేచిపోయింది.

మూడు రోజులు ఏమీ రాలేదు. సత్యప్రసాద్ టీ కొట్టుకి వెళ్ళలేదు. ఆల్బర్ట్ ఫోన్ చేసి సీట్లు ఇంకా పదకొండున్నాయన్నాడు, మర్నాడు ఆరున్నాయన్నాడు. నాలుగో రోజు ఒంటిగంటకి కరెంటు వచ్చింది, దాని వెనకే ఫోను మోగింది. వీడియో.

తెర మీద ముందు ఒక చెవి కనపడింది, తరవాత నెరిసిన జుట్టు, తరవాత ఎవరో ఫోను వెనక్కి జరిపితే మొత్తం మొహం. ఎనభై నాలుగేళ్ళ మొహంలో అయ్య ముక్కు ఉన్నదున్నట్టుగా కనపడింది. వెనక రఘునాథ్ నిలబడి ఉన్నాడు. పక్కన ఫోను పట్టుకున్న పిల్ల సత్యశ్రీ కాబోలు, నుదురు ముడేసుకుని ఉంది.

"ఎవులు?" అంది అప్పలమ్మ.

"నాను అత్తా. అచ్చెన్న కొడుకుని. రంగం నుంచి."

ఆమె తెర మీదికి వంగింది. "అచ్చెన్న ఉన్నాడా?"

"అయ్య పోయి ఇరవై ఏళ్ళయింది అత్తా."

ఆమె తల పక్కకి తిప్పుకుంది. రఘునాథ్ వంగి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తోసేసి మళ్ళీ తెరకేసి తిరిగింది.

"నీ పేరేటి?"

"సత్యప్రసాద్."

"అది కాదురా. కాయితం పేరు."

సత్యశ్రీ నుదురు ముడి విడిపోయింది. సత్యప్రసాద్ ఫోను రెండు చేతులా పట్టుకున్నాడు. "తాన్‌టే," అన్నాడు.

"ఆఁ, తాన్‌టే," అంది ముసలామె, మరిచిపోయిన సామాను చేతికి తగిలినట్టు. "శుక్రోరం పుట్టినావు. శుక్రోరం పుట్టినోళ్ళకి ఆ అచ్చరంతోనే పెట్టాలని ఆపీసోడు అన్నాడు. మీ అయ్యకి బర్మా రాయడం రాదు, నన్ను తోలుకెళ్ళినాడు. నానే రాసినాను. తాన్ అంటే పది లచ్చలు, టే అంటే డబ్బున్నోడు. మీ అయ్య మూటలు మోసినోడు, కొడుక్కి పేరులోనైనా ఉండనీ అనుకున్నాను. ఉన్నాదేట్రా?"

"పేరులోనే ఉంది అత్తా," అన్నాడు సత్యప్రసాద్. కళ్ళు తుడుచుకోవడం కూడా తెలియలేదు అతనికి. వెనక నుంచి సూర్యావతి చెంగు అందించింది.

రఘునాథ్ ఫోను తీసుకున్నాడు. మొహం చూపించడానికి మొహమాటపడుతున్నాడు. "బావా," అన్నాడు. అంతే, ఇంక క్షమాపణ ఏదీ చెప్పలేదు, అక్కర్లేకపోయింది కూడా. వెంటనే గడుల్లోకి దిగిపోయాడు. "టికెట్టు కొత్తది తీస్తాను. పక్క సీటు లేదు, నాలుగు వరసల వెనక ఉంది. పర్లేదా? పేరు తాన్. ఇంటిపేరు గడిలో ఏటి రాయను?"

"టే అని రాయి."

"గొర్లె?"

సత్యప్రసాద్ ఆలోచించాడు. గొర్లె వారబ్బాయి ఇంతకాలానికి హద్దు దాటే రైలెక్కుతుంటే, ఎక్కేది టే వారబ్బాయి. ఇందుకు సంతోషించాలో ఏడవాలో అతనికి తెలీలేదు. "గొర్లె నీ పక్కన కూకుంటాడులే, నువ్వు రాసేదేటి," అన్నాడు చివరికి. నాలుగు వరసల వెనకనుంచి పక్కన ఎలా కూర్చుంటాడో ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

అంతలో ముసలామె చెయ్యి మళ్ళీ తెరకి అడ్డం వచ్చింది. ఫోను తనకి ఇమ్మంటోంది.

"ఒరే తాన్‌టే."

"సెప్పత్తా."

"నన్ను కూడా పేరెట్టి పిలు. ఇక్కడ పేరు కాదు. అక్కడిది, బళ్ళో పేరు."

"నీ బళ్ళో పేరేటో నాకు తెలీదత్తా."

"ఖిన్‌చీ."

రఘునాథ్ తల్లి వైపు తిరిగాడు. "నీకు ఇంకో పేరుందా అమ్మా?" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. కుర్చీలో వెన్ను నిటారుగా చేసి, చెంగు సర్దుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర వైపే చూస్తోంది. సత్యప్రసాద్ కూడా సర్దుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి వరసలో ఉన్నవాళ్ళని పిలిచిన గొంతు ఒకటుంది అతనికి, నిదానంగా, ప్రతి అక్షరం పలికేది. ఆ గొంతుతో, బళ్ళో పంతులమ్మ పిల్లల్ని పిలిచినట్టే పిలిచాడు.

"మ ఖిన్‌చీ."

"షిన్," అంది అప్పలమ్మ.

ఆ గొంతు ముసలిది కాదు. పక్కనున్న కొడుకూ మనవరాలూ, ఇంట్లోకి ఎవరో కొత్త మనిషి వచ్చినట్టు ఆమెను చూశారు.